నువ్వుగింజంత గుర్తు

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి బందరులో ప్రశాంతత ఉండదు. ఎవరింట్లో అటక దులిపినా నా గుమ్మం ఎక్కుతారు. చిల్లుకాణీలు, బొమ్మ అరిగిపోయిన అర్ధణాలు, తాతగారి కోటు బొత్తాలు, అన్నీ వస్తాయి. ఒకాయన తిరునాళ్ళలో అమ్మే పట్టాభిషేకం బిళ్ళ పట్టుకొచ్చి, ఇది త్రేతాయుగం నాటిదే కదండీ అన్నాడు. కాదండీ, ఇది మిషను మీద కొట్టింది అన్నాను. ఆయన కాఫీ చుక్క మిగలకుండా తాగి, ఇలాంటివి బాగా తెలిసినవాళ్ళు విజయవాడలో ఉన్నారని నాకు చెప్పి మరీ వెళ్ళాడు.

నాకూ నాణేల పిచ్చి ఉంది, కాదనను. కానీ నా పిచ్చి ఎవరికీ అక్కర్లేని నాణేల మీద. రోము సామ్రాజ్యం చివరి కాలంలో కొట్టిన చిన్న రాగి నాణేలు. బంగారం కాదు, వెండి కాదు, ఉత్త చిల్లర. చిటికెనవేలి గోరంత ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద, వెతికితే తప్ప కనిపించనంత చిన్నగా, ఒక మూల ఒక గుర్తు ఉంటుంది. ఒక నిలువు గీత, దాని తల దగ్గర కుడివైపుకి తిరిగిన చిన్న వంపు, ఆ గీతకి అడ్డంగా గుణకారం గుర్తు. గ్రీకు భాషలో క్రీస్తు పేరు మొదటి రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి పెట్టి అల్లితే వచ్చే గుర్తు అది. ఆ పేరు తలుచుకున్నవాళ్ళని ఒకప్పుడు చంపించిన రాజ్యమే, తర్వాత ఆ పేరుని తన చిల్లర మీద అచ్చు వేసుకుంది. ఈ ఒక్క సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. అలాంటి చిల్లర తమిళదేశంలో దొరికింది, సింహళంలో కుప్పలుగా దొరికింది. ఒకప్పుడు విదేశీ ఓడలు ఆగిన ఘంటసాల రేవు మనకి ఉండగా ఇక్కడ మాత్రం ఎందుకు దొరకదు, ఎప్పటికైనా ఒకటి బయటపడుతుంది అని క్లాసులో ఏటా చెప్పేదాన్ని. పిల్లలు ఏటా ఆవలించేవారు.

మా వాళ్ళ బాధ ఇంకొకటి. తరాలుగా బడిపంతుళ్ళూ గుమాస్తాలూ పుట్టిన ఇల్లు మాది. "నీకెందుకే ఆ కిరస్తానం గుర్తులు?" అని మా అక్క ఎప్పుడూ సాధిస్తుంది. నేను మతం మారిపోతున్నానేమోనని మా ఆయన్ని చాటుగా అడిగిందట కూడా. అటు చర్చికి వెళ్ళే స్నేహితులేమో, "ప్రభువు గురించి ఇంత చదివారు, ఇంకా ఆలస్యం దేనికండీ?" అంటారు. రోము వాళ్ళ చిల్లర గురించి చదువుతున్నానంటే ఇటు వాళ్ళూ నమ్మరు, అటు వాళ్ళూ నమ్మరు. ఇన్నేళ్ళలో నా గోడు విసుక్కోకుండా విన్నది ఒక్క మనిషి.

ఆవిడా నేనూ గుడివాడ కాలేజీలో కలిసి పనిచేశాం. నాది చరిత్ర, ఆవిడది జువాలజీ. నేను బందరు నుంచి రోజూ రైల్లో వెళ్ళేదాన్ని, ఆవిడ కాపురం గుడివాడలోనే. నన్ను వదినా అనేది, నేనూ ఆవిడని వదినా అనేదాన్ని. ఆ లెక్కన వాళ్ళాయన నాకు అన్నయ్యగారు. క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి తప్పదు గానీ, నన్ను రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. అందుకే మా స్నేహం ఇన్నేళ్ళు నిలిచిందని నా నమ్మకం.

అన్నయ్యగారు పోయినప్పుడు ఆయన్ని సొంత ఊరికి తీసుకెళ్ళారు. ఘంటసాల పక్కన పల్లె అది. వానలు పడుతున్న రోజులు. మా డెల్టాలో నడుంలోతు తవ్వితే నీళ్ళు ఊరతాయి. సమాధి గుంట దగ్గర ఇద్దరు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. ప్రార్థన అయ్యాక అందరూ పిడికెడేసి మట్టి వెయ్యాలి. ముందు ఆవిడ వెయ్యాలి. గట్టున పోసిన నల్లమట్టిలోంచి పిడికెడు తీసుకుని, గుంట మీదికి చెయ్యి చాపి వేళ్ళు విప్పింది. మట్టి పడింది. అంతలోనే చెయ్యి మళ్ళీ మూసుకుంది. మూసిన పిడికిలి ఇంటికొచ్చేదాకా విప్పలేదు. దుఃఖంలో ఉంది కదా అనుకున్నాను.

పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ నన్ను పిలిచి చెయ్యి విప్పింది. అరచేతిలో కిలుం పట్టి పచ్చబడ్డ రాగి బిళ్ళ. చిటికెనవేలి గోరంత. శవం లేచిన ఇంట్లో నిలబడి సంతోషపడ్డాను. అది తప్పైతే తప్పే, ఆ సంతోషం మాత్రం నిజం.

"మట్టితో పాటు నా చేతికొచ్చింది వదినా. ఆయన వెళ్తూ వెళ్తూ ఇచ్చినట్టుంది. నువ్వు చెప్తావే, ఆ నాణెమేనా?" అంది.

"కడగకు. తుడవకు. వేలితో కూడా రుద్దకు. నేను చూసి చెప్తా" అన్నాను.

కాస్త కుదుటపడ్డాక దాన్ని పట్టుకుని బందరు వచ్చింది. ఏటవాలుగా పడే ఎండలో అయితేనే అలాంటి నాణేల మీద గీతలు తేలతాయి. అందుకని పొద్దున్నే లెన్సు పట్టుకుని తూర్పు కిటికీ దగ్గర కూర్చున్నాం. ఒకవైపు తలకట్టు కట్టుకున్న చక్రవర్తి మొహం, ముక్కు అరిగిపోయింది. రెండోవైపు తిప్పాను. రెక్కలున్న ఆడమనిషి నడిచివెళ్తోంది. ఒక చేత్తో భుజం మీద ఏదో మోస్తోంది, రెండో చేత్తో కిందపడ్డ మనిషిని జుట్టు పట్టుకుని ఈడుస్తోంది. ఆవిడకి ఎడంపక్కన, అంచుకి ఆనుకుని, నువ్వుగింజంత గుర్తు. నిలువు గీత, వంపు, గుణకారం. పుస్తకాల్లో తప్ప ఎన్నడూ చూడనిది. లెన్సు ఆవిడ చేతికిచ్చాను.

"చూడు వదినా, ఇదిగో ఇక్కడ. కనిపించిందా?"

చాలాసేపు చూసింది. "ఆఁ" అంది.

"సరిగ్గా చూశావా? వంపు కూడా?"

"చూశానన్నాగా."

కప్ప నరాల్ని పిల్లలకి విడదీసి చూపించిన మనిషి చూశానంటే నాకు ఇంకేం కావాలి. ఇద్దరం చూశాం, అయిపోయింది, ఇక ప్రపంచానికి చెప్పడమే తరువాయి అనుకున్నాను.

"మరి ఈవిడెవరు?" అని అడిగింది.

"విజయదేవత. వాళ్ళ పాత దేవత. కొత్త దేవుడి గుర్తు వేశారు గానీ పాత దేవతని తియ్యలేదు. రాజులకి అన్నీ కావాలి."

"ఈ కిందపడ్డ మనిషో?"

"యుద్ధంలో ఓడిపోయినవాడు. బందీ."

"ప్రభువు పేరు పక్కన పెట్టుకుని మనిషిని జుట్టు పట్టుకుని ఈడవడమేంటి వదినా?"

"ప్రభువు వేయించింది కాదమ్మా, చక్రవర్తి వేయించింది" అని మొదలుపెట్టి ఒక పీరియడంత పాఠం చెప్పాను. ఆ కాలంలో శిలువ అంటే ఉరికంబంతో సమానమనీ, అందుకే క్రైస్తవులు కూడా చాలాకాలం శిలువ బొమ్మ వేసుకోవడానికి జంకి ఇలాంటి గుర్తులు వాడారనీ, అవి సైనికుల డాళ్ళ మీదికి ఎక్కాక వాటి సంగతే మారిపోయిందనీ చెప్పాను. ఆవిడ వింటోందో లేదో నేను చూసుకోలేదు. నాణెం నా దగ్గర ఉంచి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపి, చేతిరుమాల్లో మూటకట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఫోనుతో ఫొటోలు తీశాను. ఎన్ని తీసినా పచ్చ పెసరబద్ద తప్ప ఇంకేం రాలేదు. మా ఆయన ఊరుకోక ఆ పెసరబద్దని బంధువుల గ్రూపులో పెట్టారు, అక్కణ్ణుంచి అది ఊరంతా తిరిగింది. సుదర్శన చక్రం అన్నాడు మా పెదనాన్న కొడుకు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం చూపించే గైడు, నా పాత శిష్యుడొకడు, ధర్మచక్రం మేడం, సందేహమే లేదు అన్నాడు. ఒకావిడైతే లంకెబిందెలు కూడా దొరికాయా అని అడిగి, నమస్కారం బొమ్మ కూడా పెట్టింది. నేను ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు రాశాను. ఎవరూ చదవలేదు.

దానికి సరైన కెమెరా కావాలి, తూకం కావాలి, తెలిసిన మనిషి చూసి రాసిపెట్టాలి. అప్పుడే అది నాణెం. లేకపోతే ఇద్దరు ముసలమ్మల కబురు. మ్యూజియంలో పనిచేసే ఒకాయనకి ఫోను చేశాను. "చాలా ముఖ్యమైనది మేడం, తప్పకుండా చూద్దాం, ఎలక్షన్ డ్యూటీ అయిపోనివ్వండి" అన్నారు. ఎలక్షన్లు అయ్యాయి. ట్రైనింగుకి వెళ్ళారు. ట్రైనింగు నుంచి వచ్చాక బదిలీ అన్నారు. రోము సామ్రాజ్యం పడిపోవడానికి పట్టినంత కాలం పట్టేట్టుంది అని మా ఆయనతో అంటే, "రోములో కూడా ఆఫీసులు ఇంతేనేమో" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈలోగా ఆవిడకి ఫోను చేసినప్పుడల్లా చెప్పేదాన్ని. చింతపండు పెట్టి తోమకు. నిమ్మకాయ వద్దు. బూడిద వద్దు. పౌడరు డబ్బాలో వెయ్యకు. అన్నీ చెప్పాను. చిలకలపూడి తీసుకెళ్ళకు అని మాత్రం చెప్పలేదు. ఆ మాట కూడా చెప్పాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

మా బందరు చుట్టుపక్కల మనుషులకి ఒక జబ్బుంది. లోహంతో చేసినది ఏది మసకబారినా చిలకలపూడి తీసుకెళ్తారు. రోల్డుగోల్డు నగల ఊరు కదా. గొలుసులు, వడ్డాణాలు, దేవుడి కిరీటాలు, పోయినవాళ్ళ కళ్ళజోడు ఫ్రేములు, అన్నిటికీ అక్కడ మెరుగు పెట్టిస్తారు. ప్రేమ ఎక్కువైన కొద్దీ మెరుగు ఎక్కువ. ఏ వస్తువునైనా ఉన్నదున్నట్టు ఉంచడం అంటే దాన్ని చిన్నచూపు చూడటమని మా వాళ్ళ లెక్క.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ చెప్పాపెట్టకుండా వచ్చింది. మెడలో సన్న గొలుసు, గొలుసుకి బంగారంలా ధగధగలాడుతున్న చిన్న బిళ్ళ. బిళ్ళకి కొక్కెం. బిళ్ళ మీద నిండుగా, నున్నగా, ఎవరూ పొరబడటానికి వీల్లేని శిలువ.

"ఏంటది?" అన్నాను. ఏంటో నాకు అప్పటికే తెలిసిపోయింది.

"అదే వదినా. కిలుం తినేస్తుందని భయమేసింది" అంది, కళ్ళెత్తకుండా.

నేను ఎంత గట్టిగా అరిచానంటే మా ఆయన పేపరు పారేసి వీధిలోంచి పరుగెత్తుకొచ్చారు. చెప్పులేసుకుని, ఆవిడని ఆటో ఎక్కించి, నేరుగా చిలకలపూడి వెళ్ళాను. ఏం చేద్దామనో నాకే తెలియదు. తీసిన గీతలు తిరిగి పెట్టమంటానా?

కార్ఖానా ఆయన కుర్చీలు వేయించాడు. మర్యాదకేం తక్కువ లేదు. తన పనితనం చూసి మెచ్చుకోవడానికి వచ్చామనుకున్నాడు.

"చాలా మొండి కిలుం అండీ. బ్రష్షుకి లొంగలేదు. యాసిడ్‌లో ముంచితే గానీ వదల్లేదు. తర్వాత బఫింగు పట్టాం. చూడండి ఎంత నున్నగా వచ్చిందో."

"దాని మీద గుర్తు ఉండాలి కదండీ?"

"ఆ మాటే చెప్పారు మేడంగారు. బొమ్మ తీసేసి ప్రభువు గుర్తు ఉంచమన్నారు. శిలువేమోనని నేనూ మా తమ్ముడూ లెన్సు పెట్టి వెతికామండీ, ఎక్కడా కనపళ్ళేదు. పాపం అరిగిపోయింది కాబోలని, మా దగ్గర శిలువ డై, అదే అచ్చు, ఉంటే మేమే కొత్తది కొట్టాం. దానికి వేరే ఏం తీసుకోలేదండీ." నా మొహం చూసి అనుమానం వచ్చినట్టుంది, "రంగు ఏడాది గ్యారంటీ అండీ" అని కలిపాడు.

పదహారు వందల ఏళ్ళు మట్టిలో నిలిచినదానికి ఏడాది గ్యారంటీ! ఆయన్ని తిడదామనుకున్నాను. ఆయన తప్పేముంది? ప్రభువు గుర్తు ఉండాలన్నారు, శిలువ పెట్టాడు. అందరికీ కావాల్సింది అదే. నువ్వుగింజంత గుర్తు ఎవరికి కావాలి, నాకు తప్ప.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడని వదల్లేదు.

"బొమ్మ తీసెయ్యమని ఎందుకన్నావు? అది నీకేం చేసింది? రాతి విగ్రహాల చేతులు విరగ్గొట్టే మూకకీ నీకూ తేడా ఏంటి? చదువుకున్నదానివి!"

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"చివరి ఏడాది ఆయనకి ఇల్లు గుర్తుండేది కాదు వదినా. గేటు తీసుంటే చాలు వెళ్ళిపోయేవారు. మరుపు అని నీకు చెప్పాను గానీ ఇది చెప్పలేదు. ఒకసారి బైపాసు మీద లారీల మధ్య కూర్చుండిపోయారు. లెమ్మంటే లేవరు. బతిమాలాను, ఏడ్చాను, కదల్లేదు. హారన్లు కొడుతున్నారు. ఎలా తీసుకొచ్చాననుకున్నావు? జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. బజారంతా చూసింది. ఆయన నన్ను ఎవరమ్మా నువ్వు, వదులమ్మా అంటూనే ఉన్నారు." మెడలో బిళ్ళని పిడికిట్లో మూసింది. "ఆయన మట్టిలోంచి నా చేతికి ఆ బొమ్మే రావాలా?"

నాకు జాలేసింది. కానీ కోపం పోయిందా అంటే పోలేదు. ముందే ఆ మాట చెప్తే నాణెం నేను దాచేదాన్ని, నువ్వు మళ్ళీ చూడనవసరం లేకపోయేది కదా అన్నాను. "ఆయన ఇచ్చింది నీకెలా ఇస్తాను?" అంది. ఈ మనుషులతో వాదించి ఎవరు గెలుస్తారు? ఆటో దిగి ఆవిడ బస్టాండు వైపు, నేను ఇంటి వైపు.

అన్నయ్యగారు పోయి ఏడాది తిరిగాక ఆ పల్లెలోనే జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టి నన్ను రమ్మంది. వెళ్ళాను. పొలం పక్కనే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక పొయ్యి మీద భోజనాల హడావిడి. ఆవిడ ముందు వరసలో కూర్చుంది, మెడలో ఆ బిళ్ళ. పాస్టరుగారు పెద్దమనిషి, మంచివాడు, గొంతు బాగుంటుంది. ప్రార్థన అయ్యాక ఆ బిళ్ళ సంగతి ఎత్తుకున్నారు.

"సహోదరులారా, మన దగ్గర శిలువ నిన్నా మొన్నా వచ్చిందంటారు కొందరు. ప్రభువు శిష్యులైన అపొస్తలుల కాలం నాడే మన మట్టిలో ఉంది! మన సహోదరుడి సమాధిలోంచే ప్రభువు దాన్ని బయటికి తీసి చూపించాడు! ఆ చెల్లెమ్మ మెడలో చూడండి!"

ఆమెన్ అన్నారు. హల్లెలూయ అన్నారు. ముసలామె ఒకావిడ లేచి వచ్చి ఆ బిళ్ళని కళ్ళకద్దుకుంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. చిలకలపూడి డైతో కొట్టిన శిలువ నా కళ్ళముందే అపొస్తలుల కాలానికి వెళ్ళిపోతోంది. ఊరుకుందాం, వాళ్ళ కూడిక, వాళ్ళ దుఃఖం, నీకెందుకు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అంతలో పాస్టరుగారు నా వైపు తిరిగారు.

"చరిత్ర మేడంగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆవిడ స్వయంగా చూశారు. ఒక్క మాట చెప్పండమ్మా."

మైకు నా చేతికి వచ్చింది. ఆవిడ వైపు చూశాను. తల దించుకుని ఉంది.

"నాణెం నిజమైనదేనండీ" అన్నాను. "అపొస్తలుల కాలానిది కాదు, వాళ్ళ తర్వాత మూడొందల ఏళ్ళకి కొట్టింది. మన మట్టిలో దొరికిన మాటా నిజమే. కానీ ఈ శిలువ దాని మీదది కాదు. మొన్న చిలకలపూడిలో కొట్టారు. అసలు గుర్తు వేరే ఉంది. మీ ప్రభువు పేరులో మొదటి రెండక్షరాలు. శిలువ కంటే ముందు మీ వాళ్ళు వాడుకున్న గుర్తు. అది ఈ ఊళ్ళో దొరకడం శిలువ దొరకడం కన్నా పెద్ద సంగతి. దాన్ని మెరుగు పెట్టి చెరిపేశారు."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు నొచ్చుకున్నారు గానీ మర్యాద తప్పలేదు.

"అంటే ఆ గుర్తు ఇప్పుడు లేదామ్మా?"

"లేదండీ."

"ఫొటోలో ఉందా?"

"ఫొటోలో పడలేదు."

"మరి ఉండేదని నమ్మేదెలాగమ్మా?"

"మేమిద్దరం చూశామండీ. నేనొక్కదాన్నే అయితే నమ్మొద్దు. ఆవిడ కూడా చూసింది. జువాలజీ చెప్పిన మనిషి, అడగండి."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ మెల్లగా లేచి నిలబడింది. పాస్టరుగారిని కాదు, నన్ను చూసింది.

"నేను చూళ్ళేదు వదినా."

"ఆఁ అన్నావుగా!" అన్నాను.

"నువ్వు చూడు చూడు అన్నావు. నీ మొహం వెలిగిపోతోంది, లేదని ఎలా అనను? అందుకని ఆఁ అన్నాను. నేను చూసింది ఆ కిందపడ్డ మనిషినొక్కణ్ణే. ఇంకేం కనపళ్ళేదు నాకు."

ఒక్కరు చూసి చెప్పిన మాటని చరిత్ర కింద జమకట్టొద్దని పిల్లలకి నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ ఒక్కదాన్నీ నేనే. మైకు పాస్టరుగారికి ఇచ్చేసి వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. లాగి ఒక్కటి వెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆవిడ ఏడుస్తోంది. చెయ్యి పట్టుకున్నాను.